బానిస సరే, దొర ఎవరు?

"ఆన్‌లైన్ ఆటలకు బానిసై..." అని మొదలయ్యే వార్త కనబడని వారం ఉందా? మద్యానికి బానిసై, గంజాయికి బానిసై, బెట్టింగులకు బానిసై. జిల్లా పేజీలో ఒక మూలకి నాలుగంగుళాల వార్త. అందులో వయసుంటుంది, ఊరుంటుంది, చదువు, అప్పు ఎంతో, పెళ్లయిందా లేదా, అన్నీ ఉంటాయి. ఒక్కటుండదు. బానిస ఉన్నాడంటే దొర ఉండాలి కదా, ఆ దొర పేరుండదు. తెలంగాణలో పుట్టినవాడికి ఇది విడమర్చి చెప్పాల్సిన సంగతి కాదు. వెట్టి చేసినవాళ్ల పేర్లు మర్చిపోయిన ఊళ్లు కూడా చేయించుకున్నవాడి పేరు మర్చిపోలేదు, వాడి గడీ ఇంకా నిలబడే ఉంటుంది. ఈ ఒక్క వెట్టి దగ్గరే మనం బానిసని మాత్రం చూపించి ఊరుకుంటున్నాం.

మాది ధర్మసాగర్. హన్మకొండ పక్కనే. దేవాదుల నీళ్లు పైపుల్లో వచ్చి పడే పెద్ద చెరువు మా ఊరిది. మా చిన్నాయన కొడుకు, అంటే నాకు తమ్ముడు, మోటార్లు రిపేరు చేస్తాడు. 2016లో ఎవడో దోస్తు ఫోన్లో రమ్మీ చూపించాడు. మొదటి వారంలోనే పద్నాలుగు వందలు గెలిచాడట. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, నైపుణ్యమున్న ఆటలకి పాత చట్టంలో ఉన్న మినహాయింపు ఎత్తేసింది. డబ్బు పెట్టి ఆడే రమ్మీ మన రాష్ట్రంలో బంద్. బాగానే ఉంది. మావాడు ఏం చేశాడో తెలుసా? కాజీపేటలో రైలెక్కి బల్లార్షా పోయేవాడు. సరిహద్దు దాటగానే యాప్ తెరుచుకునేది. ఇంట్లో "మోటార్ల సామాన్ తెస్తా" అని చెప్పి, బల్లార్షా ప్లాట్‌ఫారం మీద రాత్రంతా ఆడి, పొద్దున బండికి వాపసు. తర్వాత్తర్వాత లొకేషన్ మార్చే యాప్ ఒకటి దొరికింది, రైలు ఖర్చు మిగిలింది. లాక్‌డౌన్ వచ్చింది. 2022 కల్లా ఊరి బయట మూడు గుంటల జాగా పోయింది. చిన్నమ్మ పుస్తెలతాడు పోయింది, అది పోయినట్టు ఆమెకి నాలుగు నెలల దాకా తెలియలేదు.

అప్పుడు నేనేం చేశాను? సెలవు పెట్టి ఊరికెళ్లి తిట్టాను. బుద్ధి లేదా అన్నాను. అలవాట్లు ఎలా మార్చుకోవాలో చెప్పే పుస్తకం ఒకటి కొనిచ్చాను, అదీ ఇంగ్లీషుది. ఇంటర్ ఫెయిలైనవాడికి! వాడు ఆ పుస్తకాన్ని వెనకా ముందూ తిప్పి చూసి ఒకటే మాటన్నాడు. "గెల్చుడు గాదన్నా. ఆట ఆగొద్దు, గంతే."

ఆ మాట నాకు చాలా రోజుల తర్వాత మళ్లీ తగిలింది. నటాషా డౌ షుల్ అనే మానవశాస్త్రవేత్త లాస్‌వేగాస్ జూదం మెషీన్ల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి 2012లో ఒక పుస్తకం రాసింది. ఆమెతో మాట్లాడిన జూదరులు చెప్పింది కూడా ఇదే: గెలవడం కోసం కాదు, ఆడుతూ ఉండడం కోసం ఆడుతున్నామని. ఆమె అక్కడితో ఆగలేదు. ఆ మెషీన్లు తయారుచేసే వాళ్ల దగ్గరికి కూడా వెళ్లింది. కుర్చీ ఎత్తు, శబ్దం, ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య ఎన్ని సెకన్లు, ఇవన్నీ ఎవరు ఎందుకు నిర్ణయించారో అడిగింది. మన సాహిత్యం ఇంతవరకూ వెళ్లని చోటు అది.

ఇప్పుడు కాస్త మాటల సంగతి. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, భాషాశాస్త్రం నా పని కాదు, తప్పుంటే పెద్దవాళ్లు దిద్దండి. 'వ్యసనం' అంటే సంస్కృతంలో మొదటి అర్థం ఆపద, కష్టం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఎనిమిదో అధికరణం మొత్తం వ్యసనాల గురించే. రాజుకి వచ్చే వ్యసనం, కోశానికి వచ్చే వ్యసనం, సైన్యానికి వచ్చే వ్యసనం. వరద, కరువు, నిప్పు, రోగం కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి. అంటే వ్యసనం మనిషి మీదికి వచ్చి పడేది. మనం దానికి 'పరుడు' తగిలించి వ్యసనపరుడు అనేసరికి వరద కాస్తా మునిగినవాడి గుణమైపోయింది. (అదే కౌటిల్యుడు ఇంకో అధికరణంలో జూదాన్ని పర్యవేక్షించడానికి అధికారిని పెట్టి, గెలుపులో నూటికి అయిదు వసూలు చేయమన్నాడు. మన ప్రభుత్వం 2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ ఆటల పందెం మొత్తం మీద నూటికి 28 జీఎస్టీ వేసింది. రేటు పెరిగింది, పద్ధతి మారలేదు.)

మా ఊళ్లో ఎవరూ వ్యసనం అనరు. "మరిగిండు" అంటారు. తాగుడు మరిగిండు, పేకాట మరిగిండు. పులి నెత్తురు మరిగినట్టు. మరగాలంటే ముందు రుచి చూడాలి, ఆ రుచి ఎవరో చూపించాలి. కోస్తా వాళ్ల కథల్లో ఇంకో మంచి క్రియ చూశాను: మప్పడం. అలవాటు మప్పడం. ఈ మాటలో ఉన్న అందమేంటంటే, కర్త లేకుండా అది నిలబడదు. ఎవరు మప్పారు అని వ్యాకరణమే అడుగుతుంది. ఇలాంటి క్రియ చేతిలో ఉన్న భాషలో రాస్తూ కూడా మన కథకులు కర్తని వదిలేసి వాక్యాలు రాస్తున్నారే అనేదే నా గొడవ.

తాగుబోతు తండ్రి కథలు లెక్కపెట్టండి. నేను పదేళ్లుగా చదువుతున్నా, వాటి నమూనా నాకు కంఠతా వచ్చు. తండ్రి తూలుతూ వస్తాడు, తల్లి వంటింట్లో ఏడుస్తుంది, పిల్లాడు చూస్తాడు, పెద్దవాడై కథ రాస్తాడు. బాధ నిజమే, నేను కాదనను. కానీ ఆ తండ్రి ఎక్కడ తాగాడో, ఆ షాపు ఎవరిదో, దాని లైసెన్సు ఎంత పెట్టి కొన్నాడో, కూలి డబ్బులిచ్చే చోటికి అది ఎన్ని అడుగుల దూరంలో ఉందో ఒక్క వాక్యమైనా ఉండదు. 2023 ఆగస్టులో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకి లాటరీ తీశారు. లక్షా ముప్పై వేలకి పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కో దరఖాస్తుకి 2 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. ఒక్క సీసా అమ్మకముందే సర్కారుకి 2,600 కోట్లు దాటి వచ్చింది. ఇంతకన్నా పెద్ద జూదం ఏ యాప్‌లో జరిగింది చెప్పండి? దీని మీద ఒక మంచి కథ నా కంట పడలేదు. గురజాడ అయితే రాసేవాడు.

మనలాంటి వాళ్లది ఇంకో రకం. "నాకు పుస్తకాల వ్యసనం" అని బయోలో రాసుకుంటాం. కొత్త సంవత్సరం రాగానే "నేను ఫేస్‌బుక్ మానేసిన ముప్పై రోజులు" అని వ్యాసం రాస్తాం, దాని లింకు ఫేస్‌బుక్‌లోనే పెడతాం. మనం ఫోన్ వదల్లేకపోతే అది ఆధునిక జీవితపు ఒంటరితనం. తాపీమేస్త్రి క్వార్టర్ వదల్లేకపోతే అది బలహీనత. నేను కూడా అలాంటి వ్యాసం ఒకటి రాశాను, దానికి లైకులెన్ని వచ్చాయో ఆ రాత్రి మూడు సార్లు లేచి చూసుకున్నాను.

మరిగినవాడికి తాను దేనికి మరిగాడో కూడా తెలియని సందర్భం ఒకటి మన కళ్ల ముందే జరిగింది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగాయి. దుకాణాల్లో మత్తుమందు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి మనుషులు గుంపులుగా ఆసుపత్రులకి వచ్చారు. వణుకు, ఫిట్స్, నిద్ర లేకపోవడం, లేనివి కనబడడం. వాళ్లంతా కల్లుకి అలవాటు పడ్డామనే అనుకున్నారు. నిజానికి వాళ్ల ఒంటికి కావలసింది ఆల్ప్రజోలం, డయాజిపాం. అవి ఆందోళనకి, నిద్రకి డాక్టరు చీటీ రాస్తే ఇవ్వాల్సిన మాత్రలు. ఏళ్ల తరబడి ఎవడో పొడి రూపంలో సీసాలో కలిపి పోశాడు. మా తాత సీజన్లో రోజూ తాటికల్లు తాగేవాడు, చెట్టు కింద తాటాకు దొప్పలో. సీజన్ అయిపోతే నోరు మూసుకుని వ్యవసాయం చేసుకునేవాడు. ఆయన మనోబలం గొప్పదని ఇంట్లో చెప్పుకుంటారు. నాకు నమ్మకం లేదు. ఆయన కల్లులో ఎవడూ మాత్రలు కలపలేదు, అంతే తేడా.

దొరని వెతకడం తెలిసిన వాళ్లు కూడా మనకి ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని చదువుకుంటున్న కూలి ఆడవాళ్లు మొగుళ్లకి మనోబలం పాఠాలు చెప్పలేదు. సారా ఊళ్లోకి రాకుండా అడ్డం పడ్డారు, దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లా అంతా పాకి 1992లో సారా వేలంపాటలనే ఆపేదాకా పోయింది. వేలంపాట! సరిగ్గా దొర కూర్చున్న చోటికే వెళ్లారు. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1980లలో వారుణివాహిని పేరుతో సారాని ప్యాకెట్లలో పోసి అమ్మించింది కూడా ఆయన ప్రభుత్వమే. 1997లో నిషేధం పోయింది. ఆ ఆడవాళ్లు ఓడిపోయారని చరిత్ర చెప్పేవాళ్లు అంటారు, అననివ్వండి. ప్రశ్న మాత్రం వాళ్లు సరైనది వేశారు.

రమ్మీకీ దొర ఉన్నాడు, వాణ్ణి ఒకసారి కోర్టు దాదాపు చూసింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1968 లా రిపోర్టుల్లో ఉంది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యమే ప్రధానం అంది కోర్టు. ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారమంతా ఈ వాక్యం మీద నిలబడింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: క్లబ్బు యజమాని ఆ ఆట నుంచి లాభం తీసుకుంటున్నాడని రుజువైతే నేరమవుతుందని. యాప్ ప్రతి టేబుల్ నుంచీ తన వాటా ముందే కోసుకుంటుంది. గెలిచినవాడు మారుతుంటాడు, వాటా తీసుకునేవాడు మారడు. మొదటి వాక్యాన్ని ప్రకటనల్లో వాడుకుని రెండోదాన్ని యాభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 2025 ఆగస్టులో కేంద్రం నైపుణ్యమా అదృష్టమా అనే తేడా లేకుండా డబ్బు ఆటలన్నీ నిషేధించింది. మా మూడు గుంటలకి ఆలస్యమైంది.

ఇంత ఆవేశపడుతున్న నేను ఎవరిని? ఇది చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే నేనూ కర్తని దాచినవాణ్ణే అవుతాను. జూదం యాప్ కాదు గానీ, నేను పనిచేసిన ఒక కంపెనీలో నా టీం పని పేరు రిటెన్షన్. తెలుగులో చెప్పాలంటే మప్పడం. మూడు రోజులు యాప్ తెరవని మనిషిని వెతుకుతాం. అతను మామూలుగా ఏ టైముకి తెరిచేవాడో డేటాలో ఉంటుంది. నాలుగో రోజు ఆ టైముకి పది నిమిషాల ముందు నోటిఫికేషన్ పంపాలి. రోజూ ఒకే కానుక ఇస్తే జనం విసుగుపడతారు, కాబట్టి కానుక ఎప్పుడొస్తుందో తెలియకుండా చేయాలి. గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడే పావురం ఎక్కువసార్లు పొడుస్తుందని స్కిన్నర్ 1950లలోనే లెక్కలు వేసి చూపించాడు. మేం పావురం స్థానంలో యూజర్ ఐడీ పెట్టాం. ఆ కోడ్‌కి నాకు మంచి రేటింగ్ వచ్చింది, ఆ ఏడాది బోనస్‌తోనే తమ్ముడికి ఆ ఇంగ్లీషు పుస్తకం కొన్నాను. వాడి ఫోన్లో రాత్రి పదకొండూ నలభైకి "మీ కోసం 500 బోనస్" అని వెలిగిన మెసేజ్ నేను రాసింది కాదు. అలాంటిది రాయడం నాకు వచ్చు.

"అయితే మనిషికి బాధ్యత లేదా?" అని అడుగుతారు. ఉంది. పుస్తెలతాడు తీసింది వాడే, అబద్ధం చెప్పింది వాడే. ఆ సంగతి వాడొక్కడే ఒప్పుకున్నాడు, తల్లి కాళ్ల మీద పడి ఏడ్చాడు. ఈ మొత్తం లావాదేవీలో ఒప్పుకున్నవాడు వాడొక్కడే అనేదే నేను చెప్తున్నది. యాప్ కంపెనీ ఒప్పుకోలేదు, దాని ప్రకటనలో నవ్విన సినిమా నటులు ఒప్పుకోలేదు, పన్ను వసూలు చేసిన ఖజానా ఒప్పుకోలేదు. రిటెన్షన్ ఇంజనీర్లు వ్యాసాలు రాస్తున్నారు.

మొన్న దసరాకి ఊరికెళ్లినప్పుడు సాయంత్రం ఇద్దరం చెరువు కట్ట మీద కూర్చున్నాం. తమ్ముడు ఇప్పుడు ఆడడం లేదు. ఆడడానికి ఏమీ లేదు కూడా. ఫోన్ నా చేతికిచ్చి ఏదో వీడియో చూడమన్నాడు. తెర మీద రెండో వరసలో ఆ యాప్ గుర్తు అలాగే ఉంది.

"ఇంక తీసెయ్యలేదారా?"

"బంద్ అయింది గదన్నా, ఏం రాదు అందుల. నలభై ఒక్క రూపాయ్ బ్యాలెన్స్ చూపిస్తది."

"మరి ఎందుకుంచినవ్?"

వాడు ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "ఉండనియ్యే. నా మూడు గుంటలు అందులనే ఉన్నయి గద."