వినేవారి చేతిలో కలం

పెద్దపల్లి జిల్లాలోని సుల్తానాబాద్ వంటి పట్టణాలలో చదివే గ్రామీణ విద్యార్థికి కళాశాల వక్తృత్వపు పోటీయే తొలి వేదిక కావచ్చు. అక్కడ లభించే బహుమతి కన్నా, ప్రసంగం విన్న న్యాయనిర్ణేత చెప్పే మాటే అతనికి చిరకాలం గుర్తుంటుంది. ఆ మాట న్యాయంగా ఉండాలంటే, వినే సమయంలోనే ముఖ్యాంశాలను వ్రాసుకోవడం అవసరం.

పదిమంది వరుసగా ప్రసంగించాక మొదటి వక్త వాక్యాలు మసకబారుతాయి. చివరి వక్త కంఠధ్వని చెవులలో నిలుస్తుంది. జ్ఞాపకాన్ని మాత్రమే నమ్మి మార్కులు వేస్తే ముందు మాట్లాడినవారు నష్టపోతారు. ధారణకు పేరుపొందిన అవధాని ఎదుట కూడా పృచ్ఛకులు పద్యపాదాలను వ్రాసుకొంటారు. ధారణను సరిచూడడానికి ఆ వ్రాతే ఆధారం.

వ్రాస్తూ కూర్చుంటే వక్త ముఖాన్ని, హావభావాలను గమనించలేమని కొందరి వాదన. ఇందులో కొంత సత్యం ఉన్నది. అయితే ప్రతి మాటనూ వ్రాయడం లేఖకుని పని. 1837లో ఐజాక్ పిట్‌మన్ ప్రకటించిన సంక్షిప్తలిపి అందుకు ఉపకరించింది. విమర్శకునికి అంత అవసరం లేదు. 1924లో అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ ప్రారంభించిన టోస్ట్‌మాస్టర్స్ సంఘాలలో సాధారణంగా ఐదు నుండి ఏడు నిమిషాల ప్రసంగంపై విమర్శకుడు రెండు మూడు నిమిషాలే మాట్లాడుతాడు. ఆ వ్యవధిలో చెప్పదగినవి కొన్ని విషయాలే. వక్త పలికిన ఒక మంచి వాక్యం, తడబడిన ఒక సందర్భం, దిద్దుకొనే ఒక మార్గం వ్రాసుకొంటే చాలు. “బాగాలేదు” అన్న మాట వక్తకు దారి చూపదు. “ఉపోద్ఘాతానికే సగం సమయం గడిచింది” అన్న మాట చూపుతుంది.

ఏమి వ్రాయకూడదో తెలియడం కూడా ముఖ్యమే. విద్యార్థి తన ఇంటి పలుకుబడిలో మాట్లాడితే దానిని దోషాలలో చేర్చడం తగదు. అస్పష్టత దోషం, యాస దోషం కాదు. ప్రజల పలుకుబడికి గౌరవం కోరిన కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9వ తేదీని తెలంగాణ ప్రభుత్వం 2014లో తెలంగాణ భాషా దినోత్సవంగా ప్రకటించింది. ఆ గౌరవం న్యాయనిర్ణేత కాగితంపై కూడా కనిపించాలి. యాసకు మార్కులు తగ్గించిన చోట, మరుసటి ఏడు ఆ విద్యార్థి వేదిక ఎక్కకపోవచ్చు.

“నాకు మార్కులు ఎందుకు తగ్గాయి?” అని అడిగే హక్కు ప్రతి వక్తకూ ఉన్నది. ఆ ప్రశ్నకు కాగితం చూసి బదులు చెప్పగలిగినవారే నిజమైన న్యాయనిర్ణేతలు.