మూడు బ్లేడ్ల చాకు - ఒక మెటలర్జీవాడి మొర

సావనీరు సంపాదకులు ఫోను చేసి "పాత విద్యార్థిగా నాలుగు ముక్కలు రాసివ్వండి సార్" అన్నప్పుడు వారు ఆశించింది బహుశా హాస్టలు మెస్సు జ్ఞాపకాలో, జీవితంలో పైకి రావడమెలా అన్న హితబోధో అయివుంటుంది. రెండూ నా వల్ల కావు. మెస్సు గురించి నాకన్నా బాగా రాసినవాళ్ళు పాత సంచికల్లో ఉన్నారు. పైకి రావడం గురించి వచ్చినవాళ్ళే రాయాలి. నేను జేబు చాకు గురించి రాస్తాను. నవ్వేవాళ్ళు నవ్వండి. మెటలర్జీ చదివినవాడికి చాకు కన్నా దగ్గరి చుట్టం ఎవరు?

2016 నుంచి మూడేళ్ళు ఉద్యోగరీత్యా అమెరికాలో, పెన్సిల్వేనియాలో ఉన్నాను. చాకులకు ఆ రాష్ట్రం పెట్టింది పేరు. కేస్ వారి బ్రాడ్‌ఫర్డ్ అక్కడిదే. క్వీన్, గ్రేట్ ఈస్టర్న్ కంపెనీల ఊరు టైటస్‌విల్ కూడా అక్కడిదే. మా ఇంటి యజమాని ఒక ముసలాయన, రైతు కుటుంబం. ఆయన జేబులో వాళ్ళ నాన్నగారి చాకు ఉండేది. స్టాక్‌మన్ అంటారు దాన్ని. ఎముక పిడి, మూడు బ్లేడ్లు. కొన పైకి తేలినది అన్ని పనులకీ. అంచు తిన్నగా ఉండి కొన మొద్దుగా ఉన్నది గీత తప్పకుండా కోయడానికి. మూడోదాన్ని స్పే బ్లేడు అంటారు. పశువుల మందలో దాని పనేమిటో ఇక్కడ రాయలేను. వెటర్నరీ మిత్రులెవరైనా దొరికితే చాటుగా అడగండి.

నేను తిరిగొచ్చేటప్పుడు ఆయన ఆ చాకు నా చేతిలో పెట్టాడు. "నా పిల్లలు దీన్ని సొరుగులో పడేస్తారు, నువ్వయితే వాడతావు" అన్నాడు. వాడుతున్నాను. బాధంతా అదే. మామూలు కార్బన్ ఉక్కు. సానరాయి మీద నాలుగుసార్లు లాగితే గడ్డం గీసుకోవచ్చు, నాలుగు అట్టపెట్టెలు కోస్తే మళ్ళీ మొద్దు. తండ్రీ కొడుకూ పట్టిన సానకి పెద్ద బ్లేడు సగం వెడల్పు అరిగిపోయింది. నా చేతిలో ఇంకో పదేళ్ళకి మిగిలేది దబ్బనమే.

మరి ఇదే ఆకారంలో, ఈ కాలపు మేలురకం ఉక్కుతో చాకు దొరకదా? అలా మొదలైంది నా వెతుకులాట.

ఉక్కుకేం, లోటు లేదు. కరిగిన ఉక్కుని వాయువుతో చిమ్మి, పొడి చేసి, ఆ పొడిని వేడిలో నొక్కి దిమ్మ చేస్తున్నారు. చిన్న బొట్టు చప్పున గడ్డకడుతుంది గనక కార్బైడులు పెద్దవి కావు, సన్నగా సమంగా పరుచుకుంటాయి. 2001లో వచ్చిన ఎస్ 30 విలో 4 శాతం వనాడియం. 2009 నాటి ఎస్ 35 వి ఎన్‌లో దాన్ని 3కి తగ్గించి అర శాతం నియోబియం కలిపారు. చాకుకింత అమృతం ఇంకేం కావాలి? కాని ఈ అమృతమంతా ఒంటి బ్లేడు వాళ్ళకే పంచుతున్నారు. కేస్ వారే ఎస్ 35 వి ఎన్ వాడారు, అయితే కొత్త ఫ్యాషను ఒంటి బ్లేడు చాకులకి. గ్రేట్ ఈస్టర్న్ వారు పాత ఆకారాల్ని ప్రాణంగా చూసుకుంటారు, ఉక్కు మాత్రం ఎక్కువగా 1095, అంటే మా ముసలాయన చాకు ఉక్కుకి బంధువే. డి 2 అనే టూల్ స్టీలుతో పాత తరహా చాకులు చేసిన క్వీన్ కంపెనీ 2018లో మూతపడింది. ఇటలీలో మనియాగో ఊరి లయన్‌స్టీల్ వారు ఎం 390తో పాత పద్ధతి చాకులు చేస్తున్నారు, రెండు బ్లేడ్లవి కూడా. వారికి నమస్కారం. అసలైన స్టాక్‌మన్ కావాలంటే మాత్రం ఒంటరి పనివాడికి ఆర్డరిచ్చి, ఒక నెల జీతం సమర్పించుకోవాలి.

మొదట్లో ఇది కంపెనీల మొండితనం అనుకున్నాను. చాకు విప్పి చూశాక కొంత కోపం దిగింది. మూడు బ్లేడ్లు ఆ ఇరుకు పిడిలో పక్కపక్కన పడుకోవాలంటే ఒక్కోదాన్ని మొదట్లో వెంట్రుకవాసి పక్కకి వంచాలి. ఇది చేతి పని, కంటి పని. మెత్తటి మొదలున్న కార్బన్ ఉక్కు వంగుతుంది. వనాడియం నిండిన ఉక్కుని వంచబోతే పుటుక్కుమనే ప్రమాదం ఎక్కువ. పైగా వనాడియం కార్బైడు మామూలు సానచక్రంలోని అల్యూమినియం ఆక్సైడు కన్నా గట్టిది. చక్రం బ్లేడుని అరగదీయాల్సింది పోయి బ్లేడే చక్రాన్ని తింటుంది. ఒక చాకుకి ఇది మూడుసార్లు. అద్దంలా మెరుగు పెట్టడం మాట దేవుడెరుగు.

ముసలాయనకి ఉత్తరం రాస్తే ఆయన వాదన వేరే. "ఒకటి మొద్దుబారితే రెండోది తీస్తాం, రెండోది పోతే మూడోది. సాయంత్రం అరుగు మీద కూచుని మూడూ నూరుకుంటాం. మూడు బ్లేడ్లు పెట్టిందే అందుకు. నీ ఉక్కు ఎవరిక్కావాలి?" మాట పస లేనిది కాదు. అయినా నేను ఒప్పుకోను. మూడు బ్లేడ్లకి మూడు ఆకారాలున్నది మూడు పనుల కోసం, ఒకదానికొకటి ఎవజీలు నిలబడడానికి కాదు. కొసమెరుపేమిటంటే, ఆ నూరుకోవడమే ఆయన చాకుని సగం తినేసింది.

పాత ఆకారానికి పాత ఉక్కే అందం అనేవాళ్ళకి ఒక్క సంగతి చెప్పాలి. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ముందు 'ఊట్జ్' అనే భారతీయ ఉక్కు గురించి ఒక వ్యాసం పెట్టాడు. అందులో స్టోడార్ట్ అనే చాకుల పనివాడు ఆ ఉక్కుతో చేసిన పెన్‌నైఫ్ ప్రస్తావన ఉంది. అంటే ఆనాటి అతి మేలైన ఉక్కు ఒక చిన్న జేబు చాకులోకి వెళ్ళింది, ఎవరూ అపచారం అనుకోలేదు. ఆ జాతి ఉక్కుకి మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పెద్ద కొలిమి. పర్షియా వర్తకులు అక్కడికొచ్చి మరీ కొనుక్కుపోయేవారు. ఊట్జ్ కత్తుల మీద కనిపించే నీటి అలల నమూనాకి కారణం అతి స్వల్పంగా ఉన్న వనాడియం వంటి మలినాలని వెర్‌హోవెన్, పెండ్రే బృందం 1998లో చూపించింది. ఏ వనాడియం గొప్ప చెప్పుకుని నేడు ఉక్కు అమ్ముతున్నారో, ఆ వనాడియమే మన కొలిమివాడికి పేరు తెలియకుండా పనిచేసిపెట్టింది.

పనితనం పోతే తిరిగి రాదన్నది మన మెటలర్జీ వాళ్ళకి కోనసముద్రం దగ్గరే తెలియాలి. షెఫీల్డ్‌లో బహుళ బ్లేడ్ల చాకులు చేతితో చేసిన స్టాన్ షా 2021లో పోయాడు. బ్లేడుని వెంట్రుకవాసి వంచే చేతులు ఉండగానే, ఆ చేతులకి కొత్త ఉక్కు ఇచ్చి చూడాలి. కష్టమే. వంచకుండా, మందంలోనే చెక్కి సర్దవచ్చు. చాకు కాస్త లావవుతుంది, ధర ఇంకాస్త లావవుతుంది. కానీయండి.

ఈ మాటే నిరుడు ఒక చాకుల కంపెనీకి రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. రెండు వందల మంది కొంటామని ముందుగా సంతకం పెడితే ఆలోచిస్తామన్నారు. ఇప్పటికి నా దగ్గర పదకొండు సంతకాలున్నాయి. అందులో ఒకటి ముసలాయనది, వద్దు వద్దంటూనే పెట్టాడు. పన్నెండోది పెట్టదలచినవారు అల్యుమ్నై డే నాడు వర్క్‌షాపు పక్క వేపచెట్టు కింద నన్ను కలుసుకోవచ్చు. చాకు చూపిస్తాను.