తారు మందం తర్వాత, ముందు బరువు లెక్క చెప్పండి

మన పరిశ్రమల రోడ్డుకు మళ్ళీ రిపేరు ప్లాను తయారవుతున్నదని నాలుగు దినాలుగా గ్రూపుల్లో ఒకటే సంబరం. మేము మాత్రం చప్పట్లు కొట్టడం లేదు. ఎందుకో కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము, ఓపికగా చదవండి.

హైవే దిగి లోపలికి పోయే ఈ రోడ్డుకు ఇంతవరకు జరిగింది ఒకటే వైద్యం. గుంతలో జల్లి, జల్లి మీద తారు, తారు మీద నిలబడి ఫోటో. ఐప్పసి వానలు వస్తే జల్లి ఒక పక్క, తారు ఒక పక్క. ఈసారి తారు ఇంకా మందంగా వేస్తారట. సరే, ఎంత మందం కావాలో ఏ లెక్కతో తేల్చారు? దీని మీద రోజుకు ఎన్ని లారీలు పోతాయి, ఒక్కో యాక్సిలు మీద ఎంత బరువు అని ఎవరైనా నిలబడి లెక్క తీశారా? ఐఆర్‌సీ 37 అని రోడ్డు మందానికి ఒక పుస్తకమే ఉంది. అందులో లెక్క మొదలయ్యేదే ఈ బరువుతో.

మేము రైల్వే గూడ్సు ఆఫీసులో కాగితాలు రాసి రిటైరైనవాళ్ళము. అక్కడ వ్యాగనులో అనుమతించిన బరువు మించితే పార్టీ దగ్గర అపరాధ చార్జీ వసూలు చేస్తారు. 1989 రైల్వే చట్టంలో 73వ సెక్షను అది. ఎంత పెద్ద మనిషైనా తూకం చీటీ ముందు మాట తగ్గించాల్సిందే. అదే సరుకు లారీ ఎక్కితే అడిగే నాథుడు లేడు. చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను ప్రకారం, 2019 సవరణ తర్వాత, ఎక్కువ బరువుకు 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఈ రోడ్డు మీద లారీని ఆపి తూచడం మా కళ్ళతో మేము చూడలేదు.

బరువు సంగతి ఎందుకింత నొక్కుతున్నామంటే, 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి తిప్పి పరీక్ష చేశారు. యాక్సిలు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు దెబ్బ రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు అని తేలింది. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల యాక్సిలుకు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పెరిగింది ఎనిమిదో వంతే. ఆ పరీక్ష లెక్కన దెబ్బ మాత్రం అరవై శాతం ఎక్కువ. ఇది చట్టం ఒప్పుకున్న బరువు సంగతి. దాని మీద ఇంకో రెండు టన్నులు దొంగతనంగా ఎక్కిస్తే తారు ఏం చేస్తుంది పాపం?

ఇలా రాస్తే “పరిశ్రమలను తరుముతారా, పిల్లలకు ఉద్యోగాలు వద్దా” అంటారు. ఈ మాట మన జిల్లాకు కొత్త కాదు. తోలు షాపుల నీళ్ళు పాలారును చంపుతున్నాయని వెల్లూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం కోర్టుకు పోయినప్పుడూ ఇదే అన్నారు. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలి. ఇప్పుడు దేశమంతా లాయర్లు ఎత్తిచూపే తీర్పు అది, మన పాలారు గట్టున పుట్టింది. నీళ్ళకు చెల్లిన న్యాయం రోడ్డుకు ఎందుకు చెల్లదు? సరిహద్దు దాటితే ఆంధ్రలో పారిశ్రామికవాడలకు ‘ఐలా’ అని ఒక ఏర్పాటుంది. కంపెనీల పన్ను అది వసూలు చేసి, స్థానిక సంస్థకు వాటా ఇచ్చి, మిగతాదాంతో ఆ వాడ రోడ్లు, దీపాలు చూసుకుంటుంది. అక్కడ అన్నీ బంగారమని మేము చెప్పము. కానీ డబ్బు ఎక్కడినుంచి రావాలో అక్కడ రాసిపెట్టి ఉంది. ఇక్కడ టౌను పంచాయతీ పక్క పంచాయతీని చూపిస్తుంది, వాళ్ళు హైవే వాళ్ళను చూపిస్తారు.

ఇంకొకటి. తెల్లవారకముందే ఆంబూరు, వాణియంబాడి షూ కంపెనీల బస్సుల కోసం మన ఆడపిల్లలు ఈ రోడ్డు అంచున నిలబడతారు. ప్లానులో లారీ తిరగడానికి వెడల్పు ఉందట, వాళ్ళ కాలు పెట్టడానికి చోటు లేదట. మనుషులు నడిచే దారికి కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఐఆర్‌సీ 103 చెబుతుంది. రోడ్డును నిబంధన ప్రకారం కట్టక ఎవరైనా చనిపోయినా, అంగవికలురైనా కట్టినవాళ్ళకు లక్ష రూపాయల దాకా జరిమానా అని 198ఏ సెక్షను ఉంది. లక్షతో ఏ తల్లి కడుపుకోత తీరుతుందో మాకు తెలియదు.

కాలువ సంగతి రెండు మాటలు. నీళ్ళు నిలిస్తే కింది మట్టి మెత్తబడుతుంది, పైన ఎంత మందం వేసినా కుంగుతుంది. పట్టాల కింద కంకర పోసేది కూడా నీళ్ళు దిగిపోవాలనే. పక్క కాలువ తవ్వకుండా తారు వేస్తే ఆ డబ్బు కాలువలో పోసినట్టే, ఆ కాలువా లేదు కాబట్టి రోడ్డులోనే పోసినట్టు.

చుట్టుపక్కల పంచాయతీల్లో ఉన్న సభ్యులారా, అక్టోబరు 2న గ్రామసభ ఉంది. లారీల బరువు లెక్క, కాలువ డ్రాయింగు, పని చెడితే కాంట్రాక్టరు ఎన్నేళ్ళు బాధ్యుడో చెప్పే ఒప్పందం, ఈ కాగితాలు సభలో చూపించమని తీర్మానం రాయించండి. ఇవ్వకపోతే ఆర్‌టీఐ అర్జీ వేద్దాం. తమిళంలో అర్జీ మేము రాసిస్తాము, మా బడి చదువు అదే. సంతకాలకు మాత్రం మీరు రావాలి.