శక్కర్‌నగర్ పోయింది!

పిల్లలున్న ప్రతి యింటికీ సొంత నిఘంటువు ఒకటి ఉంటుంది. అచ్చుపడదు, పొరుగింటికి ఎరువివ్వడానికి పనికిరాదు. చిత్రమేమంటే అందులో సగం మాటలు ఆరేళ్ళు నిండని పండితులు పుట్టించినవే!

ఇందల్వాయిలో మేము నలుగురం: అన్న, నేను, ఇద్దరు తమ్ముళ్ళు. సికిందరాబాదు-మన్మాడు రైలుదారి మా ఊరిమీదుగానే పోతుంది. అప్పుడది మీటరు గేజి. గడపలోనే నిలబడి రెండు మాటలాడి వెళ్ళిపోయే చుట్టానికి పెద్ద తమ్ముడు "ఆగని బండి" అని పేరు పెట్టాడు. వచ్చి కదలనివారు "గూడ్సు". "ఎవలొచ్చిండ్రురా?" అని అమ్మ వంటింట్లోంచి కేకేస్తే, "గూడ్సొచ్చిందే అమ్మా!" అనేవాడు. అమ్మ ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం పోసేది. నాలుగోనాడు బాపు గూడా మెల్లిగా, "లైన్‌క్లియర్ ఇంక రాలేదా?" అని అడిగేవాడు.

ఇది పెద్దలకు తెలిసిన పేజీ. తెలియనిది వేరే ఉంది. మా మేనమామది బోధను పక్క ఊరు. చెరుకు బండ్లు నిండుగా పోవడం, ఖాళీగా తిరిగి రావడం చూచి నాలుగేళ్ళ చిన్న తమ్ముడు, "గిదంత ఎటు పోతుంది?" అన్నాడు. "శక్కర్‌నగర్" అన్నాడు అన్న. 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉన్నది అక్కడే లెండి. వారం తిరక్కుండా మా డబ్బాలో బెల్లం మాయమైంది. "ఏమాయెరా?" అంటే, వాడు మూతి తుడుచుకొని మా చెవిలో, "శక్కర్‌నగర్ పోయింది" అన్నాడు. నాటినుంచీ పోయి తిరిగిరానిదల్లా మాకు శక్కర్‌నగరే. దొంగతనం సంగతి గనుక అమ్మకు మాత్రం చెప్పలేదు.

"కరా కపోకదాం" అనే క-భాష తెలుగు పిల్లలందరికీ వచ్చు. దానికొక సూత్రముంది గనుక పావుగంటలో ఎవరైనా పట్టేస్తారు. ఇంటిమాటకు సూత్రం లేదు. అది పుట్టినపుడు మీరక్కడ ఉండాలి, అంతే. ఇటలీ రచయిత్రి నటాలియా గిన్జ్‌బర్గ్ 1963లో పుట్టింటివాళ్ళ మాటలమీదే ఒక పుస్తకం నడిపింది. ఐదుగురిలో ఆమె చిన్నది. ఎన్నాళ్ళకు, ఎక్కడ కలిసినా పాత మాట ఒక్కటి చాలు, తాము ఒకరినొకరు పోల్చుకుంటామంటుంది.

ఆ సంగతి మాకూ అనుభవమే. మా జిల్లాలో చాలామందిలాగే చిన్న తమ్ముడు గల్ఫుకు పోయాడు. 2008లో ఒకనాడు ఫోను చేశాడు. "జీతమిస్తుండ్రా బిడ్డా?" అంది అమ్మ. "మంచిగనే ఇస్తుండ్రమ్మా" అన్నాడు. ఆ తర్వాత నాతో, నవ్వుతూనే, "అక్కా, మూడు నెలల సంది బెల్లం శక్కర్‌నగర్ పోతుంది" అన్నాడు.

నా చేతులు చల్లబడ్డాయి. అమ్మ మాత్రం సంతోషంగా, "గా దేశంల బెల్లం గూడ దొర్కుతదా!" అంది.

రాత్రి అన్నకు ఫోనుచేసి ఆ మాటే అప్పజెప్పాను. అన్న రెండో ప్రశ్న వేయలేదు. టిక్కెట్టుకు తలా ఇంత వేసుకున్నాం. సద్దుల బతుకమ్మ ముందునాడు వాడు ఇంట్లో ఉన్నాడు. బాగా చిక్కాడు. సెలవుమీద వచ్చాడని అమ్మ అనుకుంది. ఇరుగుపొరుగుకూ అదే చెప్పుకుంది.

2015 డిసెంబరులో ఆ చక్కెర ఫ్యాక్టరీ మూతబడింది. అందులో బతికినవారి ఎదుట నవ్వరాని మాటే గాని, పేపరు మడుస్తూ చిన్న తమ్ముడు, "అక్కా, శక్కర్‌నగరే శక్కర్‌నగర్ పోయింది" అన్నాడు.

"ఏం పోయిందిరా?" అంది అమ్మ.

"బెల్లమమ్మా" అన్నాడు.