గోఖలే డాక్యుమెంటరీలో మన ఊళ్లుండాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో మాధవపెద్ది గోఖలే పేరెత్తితే పెద్దలకు మొదట గుర్తుకొచ్చేది మాయాబజార్ సెట్టింగులే. నిజమే, 1951లో వచ్చిన పాతాళభైరవికీ, 1957 నాటి మాయాబజార్‌కూ కళాధర్‌తో కలిసి కళాదర్శకత్వం వహించినవారాయన. కాని ఆయనపై చిన్న డాక్యుమెంటరీ తీయదలచినవారు అక్కడితో ఆగిపోతే ఈ ప్రాంతానికి అన్యాయం చేసినట్టే.

1917లో బ్రాహ్మణకోడూరులో పుట్టిన గోఖలే సినిమాల కంటె ముందు చిత్రకారులు. 'మా గోఖలే' పేరుతో కథలూ రాశారు. పల్లెల్లో రెక్కాడితే గాని డొక్కాడని జనమే ఆయనకు వస్తువు. ఆయన కథ ఒకదాని పేరే 'బల్లకట్టు పాపయ్య'. రాజుల కోటలకు నమూనాలు గీసిన చెయ్యే బల్లకట్టు నడిపేవాడి కథ కూడా రాసింది. సెట్టును షూటింగు కాగానే పీకేస్తారు. బొమ్మ అలా కాదు, దాచుకుంటే నిలుస్తుంది. దాచుకోవడమే మనకు చేతకాలేదు. ఆయన 1981లో పోయారు. నాటి పత్రికల కాగితం ముట్టుకుంటే పొడి అవుతోంది. ఇళ్లలో పాత సంచికలు ఉన్నవారు తూకానికి వేయకుండా ఫొటోలు తీసుకోనిస్తే అదే పెద్ద సాయం.

పూర్వం సినిమాహాళ్లలో అసలు ఆటకు ముందు ఫిలిమ్స్ డివిజన్ వారి డాక్యుమెంటరీ వేసేవారు. అది అయిపోయాకే బీడీ ఆర్పి లోపలికొచ్చేవారుండేవారు. తప్పంతా వారిదనలేము. పుట్టిన తేదీ, సన్మానాలు ఏకరువు పెడుతుంటే ఎవరు కూర్చుంటారు? 1972లో సత్యజిత్ రాయ్ తన గురువు, చూపు కోల్పోయిన చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ మీద సుమారు ఇరవై నిమిషాల చిత్రం తీశారు. అందులో శాంతినికేతన్ గోడలపై ఆయన వేసిన బొమ్మలను తీరిగ్గా చూడనిచ్చారు.

గోఖలే చిత్రానికీ ఆ పాటి నిడివి చాలు. ఆయన గీసిన మనిషి పక్కన నేటి కాలువగట్టు, ఊడ్పుల చేను, రేపల్లె రైలు దిగే కూలీలు కనిపించాలి. ఏమి మారిందో, ఏమి మారలేదో చూసేవారే తేల్చుకుంటారు. 2022లో బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్లి తెనాలి గుంటూరులోనే మిగిలింది గనుక ఇది ఎవరి పని అన్న పేచీ రావచ్చు. రెండు జిల్లాలవారూ తలా కొంత వేసుకుంటే సరి. మొదటి ఆట మాత్రం బ్రాహ్మణకోడూరులోనే, ఆరుబయట తెర కట్టి, టికెట్టు లేకుండా వేయాలి.