పోర్టల్ మారితే చాలదు, తప్పులు దిద్దాలి

2020 అక్టోబర్ 29న ధరణి వచ్చినప్పుడు తెలంగాణ రైతుకు ఇక భూమి కష్టాలు ఉండవన్నారు. వీఆర్వోలను తీసేశారు, రెవెన్యూ కోర్టులను ఎత్తేశారు. పాసుపుస్తకంలో తప్పు పడితే దిద్దే అధికారం తహసీల్దార్‌కు లేకుండా పోయింది. పేరు తప్పినా, విస్తీర్ణం తగ్గినా, పట్టా భూమి నిషేధిత జాబితాకెక్కినా రైతు మీసేవ నుంచి కలెక్టరేట్ దాకా తిరిగాడు. చివరికి సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. పాసుపుస్తకం రానివారికి రైతుబంధు అందలేదు, బ్యాంకులో అప్పు పుట్టలేదు. పైగా రాష్ట్రమంతటి భూమి రికార్డు నిర్వహణను ప్రైవేటు కంపెనీ చేతిలో పెట్టారు.

2024 చివర ఆ నిర్వహణ ఎన్ఐసీకి మారింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది, అప్పీలుకు మళ్లీ దారి ఇచ్చారు. దీన్ని స్వాగతిస్తున్నాం. కానీ పాత తప్పులే కొత్త పోర్టల్‌లోకి ఎక్కితే రైతుకు ఒరిగేదేమిటి?

మేం కంప్యూటర్‌ను వద్దనడం లేదు. అది తప్పు చూపిస్తే జవాబు చెప్పే అధికారి ఊరికి అందుబాటులో ఉండాలి. గ్రామసభలో రికార్డు చదివి వినిపించాలి. ఏ సర్వే నంబరును ఎవరు, ఎప్పుడు మార్చారో రైతుకు కనిపించాలి. ప్రతి దరఖాస్తుకు రశీదు, గడువు ఉండాలి. తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి.

సభ్యులారా, పాత పహాణీ నకళ్లు, శిస్తు రశీదులు భద్రంగా ఉంచుకోండి. రేపు విచారణకు వచ్చిన అధికారి ముందు పెట్టడానికి అవే మన ఆధారం.