బెల్టూ, సూదీ, నమ్మకమూ

లక్షలు పోసి కొన్న టర్న్‌టేబుల్ మీద పాటకి ప్రాణం వస్తుందనేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఎందుకొస్తుందని అడిగితే కోప్పడేవాళ్ళతోనే.

అది చెయ్యాల్సిందల్లా ఎల్పీ రికార్డుని నిమిషానికి 33⅓ చుట్లు నిలకడగా తిప్పడం, గాడిలోని కదలిక తప్ప ఇంకేదీ సూదికి తగలనివ్వకపోవడం. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. అంతదాకా అక్కర్లేదు, కాస్త తడబడినా వీణ నాదం వణుకుతుంది. మోటారు అదురు సూదికెక్కితే స్పీకర్లో గుర్రుమంటుంది. ఆ అదురు ఆపడానికే రబ్బరు బెల్టు. అలాగని బెల్టు లేనిది పనికిరాదనడం మూఢనమ్మకం. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200లో పళ్ళేన్ని మోటారే నేరుగా తిప్పుతుంది. దాని మార్క్-2 నమూనాకి కంపెనీ ఇచ్చిన తడబాటు లెక్క 0.025 శాతం. (రికార్డు చిల్లే నడిమధ్యన లేకపోతే ఆ ఊగుడుని ఏ మోటారూ ఆపలేదనుకోండి.)

ఇవన్నీ కొలవొచ్చు. కొలతకందని "వెచ్చదనం" మా చెవికి తెలుస్తుందంటారా? డిజిటల్‌ని ఇట్టే పసిగడతామన్న చెవులు, 2022లో మొబైల్ ఫిడెలిటీ సంస్థ తన రికార్డుల్లో చాలావాటి తయారీలో డిజిటల్ మెట్టుందని ఒప్పుకునేదాకా, వాటినే ఏళ్ళ తరబడి మెచ్చుకున్నాయి. రెండింటి శబ్దమూ సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించమని దుకాణదారుని అడగండి. ఈలోగా ఇంట్లో ఉన్నదాన్ని కదలని బల్ల మీద, స్పీకర్లకి దూరంగా పెట్టి చూడండి.